స్ఫటికానికి జాగా

మహబూబ్‌నగర్‌లో కిరాయి గది దొరకడం కన్నా పెళ్లిసంబంధం కుదరడం సులువు. సంబంధాల వాళ్లయినా ముందు జీతం అడుగుతారు, ఇంటివాళ్లు మొదటే కులం అడుగుతారు. "ఏమిట్లోల్లు సారూ మీరు?" అనే ఆ ప్రశ్నకు యోహాను రకరకాల జవాబులు చెప్పి చూశాడు. ఏదీ పనికిరాలేదు.

అతను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. కాలేజీ కాగితాల్లో భిక్షపతి. యోహాను అన్నది సొంతూరు కేతేపల్లి చర్చిలో పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిచే తల్లి పోయాక ఇక పిలిచేవాళ్లు లేరు. తనే వండుకుని, తనే తిని, తనే గిన్నె కడుక్కుని పడుకునే మనిషికి పేరుతో పనేముంది లెండి.

ఒంటరివాడే గానీ ఊరికే కూర్చునేవాడు కాదు. 1986లో హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి చేరాడు. గైడు సారు అప్పజెప్పిన పని చెప్పడానికి చాలా చిన్నది. విటమిన్ సి పొడినీ సుద్దనూ నీళ్లలో కలిపితే బుసబుస పొంగి ఒక లవణం తయారవుతుంది. దాని పేరు కాల్షియం ఆస్కార్బేట్. ఆ నీళ్లను నిదానంగా ఆరనిస్తే లవణం అడుగున మిగులుతుంది. పొడిగా మిగిలితే దండగ. నువ్వుగింజంత ఉన్నా చాలు, పగులు లేని ఒక్క స్ఫటికం కావాలి. దాని మీదికి ఎక్స్‌రే పంపితే లోపల ఏ పరమాణువు పక్కన ఏ పరమాణువు కూర్చుందో లెక్కగట్టి బొమ్మ గీయొచ్చు.

ఆ స్ఫటికం మాత్రం మహా పెంకిది. వెలుతురు తగిలితే నీళ్లు పచ్చబడతాయి, వేడి తగిలితే పాడవుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బీకరు కదలకూడదు. కాలేజీ ల్యాబుకు పైన రేకులు, పక్కన లారీల రోడ్డు. అందుకే యోహాను బీకరును తన గదిలోనే ఓ మూల పెట్టుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. బీకరు కదలకుండా ఉండాలంటే ముందు మనిషిని ఒకచోట ఉండనివ్వాలి కదా.

మొదటి ఇంటాయన ఓ ఆదివారం అతని చంకలో బైబిలు చూశాడు. ఆ సాయంత్రానికే ఆయనకు ఎక్కడ లేని తమ్ముడొకడు పుట్టుకొచ్చాడు, వాడికి గది కావాల్సి వచ్చింది. యోహాను రిక్షాలో బీకరును ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్లాడు. అయినా తెల్లారేసరికి అడుగునంతా పిండే.

రెండో ఇల్లు ఇంకా నయం అనుకున్నాడు, పాపం. ఓ రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి సామాను వాకిట్లో ఉంది. గదంతా పేడనీళ్లతో కడిగి ఉంది. బీకరు మోరీ కాల్వ పక్కన బోర్లించి ఉంది. అందులో స్ఫటికం పడిందని పొద్దున్నే చూసుకుని మురిసిపోతూ వెళ్లాడతను.

"చెప్పకపోతిరి గద సారూ," అంది ఇంటావిడ తలుపు వెనక నుంచే.

కోపం రాలేదా అంటే వచ్చింది. అయినా బీకరును రుమాలుతో తుడుచుకుని, బస్టాండుకు పోయి, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడ్చాడు. స్ఫటికం కోసం ఏడ్చాడో తన కోసం ఏడ్చాడో అడిగితే చెప్పలేడు.

ఛాయ్ హోటల్లో ఎవరో అజీజా బేగం ఇంటి గుర్తులు చెప్పారు. భర్త పోయి చాలా ఏళ్లయిన మనిషి, పిల్లలు లేరు, ఒక్కతే ఉంటుంది. అక్కడికి వెళ్లి, ఆమె నోరు తెరవకముందే యోహాను అందుకున్నాడు.

"ముందే చెప్తున్నమ్మా. మాది హరిజనవాడ. చర్చికి పోత. తర్వాత తెలిసిందనొద్దు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నేనడిగిన్నా బేటా? ముందు గది సూడు. కిటికీ లేదు, చీకటి గుయ్యారం. మల్ల నన్ననొద్దు."

"చీకటి గదే కావాలమ్మా."

"చీకటి కావాలన్నోన్ని నిన్నే సూస్తున్న," అందామె.

అతను బీకరు చూపించాడు. "ఒక్కటే మాట. దీన్ని ఎవరు ముట్టొద్దు. నేల అదిరినా ఖరాబైతది."

"ఏం మందది?"

"మందు కాదమ్మా. లోపట ఎట్లుంటదో చూడనీకి."

"సరే తీ," అందామె. అర్థమైనట్టు లేదు, అయినా మళ్లీ అడగలేదు.

ఆ గదిలో మళ్లీ కొత్తగా నీళ్లు కలిపి పెట్టిన బీకరు ఎవరి కంటా పడకుండా, ఎవరి చేయీ తగలకుండా ఉండిపోయింది. యోహాను కూడా అంతే. కాలేజీకి పోవడం, రావడం, తలుపేసుకోవడం. ఇంటావిడతో మాటలు పెంచుకుంటే మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని భయం. వర్షాలు మొదలయ్యే వేళకు అడుగున ఒక స్ఫటికం మొలిచింది. తెల్లగా, అంచులు తీరుగా, ఎక్కడా పగులు లేకుండా. దాన్ని దూదిలో చుట్టి, చిన్న సీసాలో పెట్టి, చొక్కా జేబు మీద చెయ్యి తీయకుండా హైదరాబాద్ బస్సెక్కాడు. అవసరమైతే ఇంకోటి ఉండాలని బీకరును మాత్రం అక్కడే ఆరనిచ్చాడు.

దసరా ముందు బొమ్మ తయారైంది. నడుమ కాల్షియం, దాని చుట్టూ ఆక్సిజన్లు, కొన్ని విటమిన్‌వి, కొన్ని నీళ్లవి. ఆ నీళ్లు ఊరికే అంటుకున్న తడి కాదు, కట్టడంలో భాగమే. యోహాను ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూసుకున్నాడో. ఛాయ్ తాగుతూ పక్కనున్నాయనకు చెప్పబోయి, ఏమనుకుంటాడోనని ఊరుకున్నాడు. అంత సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోవడం దుఃఖం కన్నా బరువుగా అనిపించింది.

దసరా అయ్యాక గైడు సారు మిగిలిన స్ఫటికాలను బీకరుతో సహా తెమ్మన్నాడు. తీసుకెళ్లేసరికి సారు బల్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి ఉంది. లైబ్రరీలో పాత పత్రికల సంపుటాలు బైండింగుకు పోయి, ఇప్పుడు తిరిగొచ్చాయట. అందులో ఉంది బొమ్మ, అచ్చం ఇదే. పరాయి దేశంలో ఎవరో పదేళ్ల కిందటే గీసి అచ్చేయించారు.

"పోనీలేవయ్యా భిక్షపతీ, నీ లెక్కలు వాళ్ల లెక్కలతో సరిపోయాయి, పని నేర్చుకున్నావు. ఇంకో లవణం చూద్దాం," అన్నాడు సారు. ఆయనకేం, ఆయన సొంతింట్లో ఉంటాడు.

తిరుగు బస్సు జడ్చర్ల దాటేసరికి యోహాను తేల్చుకున్నాడు. ఈ చదువు చాలు. మళ్లీ బీకరు, మళ్లీ కాచుకోవడం, మళ్లీ ఎవరో కడిగి పారేస్తారని బెంగ, ఇవన్నీ తన వల్ల కాదు. గది కూడా ఖాళీ చేసేయాలి.

వీధి మలుపులోనే దబ్బుదబ్బున చప్పుడు వినిపించింది. లోపలికి వస్తే అజీజా బేగం ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెద్ద రోట్లో ఎండు మిరపకాయలు దంచుతోంది. పక్కన నాలుగిళ్ల వాళ్ల గంపలున్నాయి. రోకటి పోటుకు అతని గది గడప కూడా అదురుతోంది.

"మీరు కారం దంచుతరా అమ్మా?"

"దంచకుంటె ఎట్ల బతకాలె బేటా? గీ వాడకట్టంత నా చేతి కారమే తింటది."

ఇన్నాళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ ఈవిడ దేనితో బతుకుతోందో అడగనే లేదని అప్పుడు తట్టింది యోహానుకు. సిగ్గేసింది.

"ఒక్కనాడు చప్పుడు ఇనలేదమ్మా నేను."

"నేల అదురొద్దంటివి గద. గంపలు నెత్తిన పెట్టుకొని రైలుగేటు అవుతల మా చెల్లె ఇంటికి పోయి దంచుకొచ్చిన. పొద్దుగాల నువ్వు గిలాస తీస్కపోయినవని గిప్పుడు ఈడ పెట్టిన."

వానాకాలమంతా. రోజూ. ఒక్క మాట కూడా అనకుండా.

యోహాను గడప మీద కూలబడ్డాడు. కారం ఘాటుకు కళ్లు మండుతున్నాయో ఏమో, నీళ్లు ఆగలేదు. "నేను చేసింది ఎవరో ఎప్పుడో చేసిండ్రంట అమ్మా. అంత దండగైంది. మీ కష్టం గూడ."

ఆమె రోకలి ఆపి, మణికట్టు పిసుక్కుంటూ అతని వంక చూసింది. వేళ్లు వాచి ఉన్నాయి.

"మల్ల పెడ్తవా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాడతను.

"పెడ్త," అన్నాడు.

"అయితె జర ఆగు, గీ గంప దంచుడు ఒడవనీ," అంది అజీజా బేగం, మళ్లీ రోకలి అందుకుంటూ. "రేపటి సంది చెల్లె ఇంటికాడ్నే దంచుకుంట."