నాట్ల మడిలో దాక్కున్న మాస్టారు

గనుల ఎర్రదుమ్ము బళ్ళారి మిద్దెల మీద పేరుకుంటున్న రోజులవి. కప్పగల్లు దారిలో దొంగ లోడు లారీని ఆపిన ఫారెస్టు గార్డు గాళెప్పను ఇద్దరు ఇనుపరాడ్లతో కొడుతుంటే, ప్రార్థన ముగించుకుని వస్తున్న టైటస్, రెజీనా కళ్ళారా చూశారు. టైటస్ మోపెడ్ హారన్ ఆపకుండా మోగించాడు. జనం వస్తున్నారనుకుని వాళ్ళు పారిపోయారు. గాళెప్ప బతికాడు. అయితే తమను చూసిందెవరో ఆ దుండగులకు తెలిసిపోయింది.

ఒక పొద్దున టైటస్ ఇంటి ముందు ఆ ఇద్దరి తెల్ల బొలేరో ఆగింది. మొగుడూ పెళ్ళాం పెరటి తలుపులోంచి బయటపడి, మోపెడ్ మీద ఎమ్మిగనూరు దారి పట్టారు. నర్సు రెజీనా పురుడు పోసిన ఇళ్ళు ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి.

"ఎనక వస్తాండారా?" అన్నాడు టైటస్.

"వస్తాండారు. ఇంకొంచెం బిరబిరా తోలప్పా."

"తోల్తానే ఉండా. ఇది మోపెడ్, ఇమానం కాదు."

ప్రాణాలు అరచేతిలో ఉన్నా రెజీనాకు నవ్వొచ్చింది.

వాన మొదలైంది. ఊరి బయట కాలవ కింది మడిలో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. గట్టు మీదున్న సుబ్బమ్మను చూడగానే రెజీనాకు ప్రాణం లేచొచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సుబ్బమ్మ కూతురికి కాన్పు చేసింది రెజీనాయే. సంగతి రెండు ముక్కల్లో చెప్పింది.

"మిగతాది తరవాత చెబుదువుగాని. ముందు మళ్ళోకి దిగండి," అంది సుబ్బమ్మ.

మోపెడ్ గడ్డివామి చాటుకు పోయింది. వానకు అందరిలాగే వాళ్ళూ యూరియా సంచులు తలకు కప్పుకుని వంగారు. టైటస్ మిషన్ బడిలో డ్రాయింగు మాస్టరు.

"మాస్టారూ, ముందుకు కాదు, వెనక్కి నడవాలి. నాటిందంతా తొక్కేస్తున్నారు," అని గొణిగింది సుబ్బమ్మ.

ఇంతలో బొలేరో వచ్చి ఆగింది.

"ఏమమ్మా, మోపెడ్లో గండ హెండ్తి ఇట్ల వచ్చిరా?"

"మొగుడూ పెళ్ళాలా? ఏమో, ఇందాక ఏదో బండి చప్పుడు కాలవ గట్టు మీదుగా పోయింది బాబూ."

బొలేరో అటు తిరిగింది. నానిన రేగడిలో కాస్త దూరం పోయి, ఇరుసు దాకా దిగబడింది. సుబ్బమ్మ తన మొగుడు చెన్నకేశవరావు చెవిలో ఏదో చెప్పింది. ఆయన తాపీగా ట్రాక్టరు తెచ్చి, "మీరు లోపలే కూచోండి, స్టీరింగు పట్టుకోవాలి," అన్నాడు.

దగ్గరున్న రెజీనాయే తాడు అందుకుంది. తలమీది సంచి ముఖం మీదికి లాక్కుంది. కిటికీలోంచి ఒకడు ఆమెను ఎగాదిగా చూశాడు.

"నిన్ను యాడో చూసినట్లుండాది."

"నాట్లకు పోని ఊరు లేదప్పా. యాడన్నా చూసింటావు," అంటూ ముడి బిగించింది.

ట్రాక్టరు కదిలింది. బండిని దారి మీదికి కాదు, దమ్ము చేసిన మడి నడిమధ్యకు లాక్కెళ్ళి వదిలింది. తలుపుల దాకా బురద. కిటికీల్లోంచి దూకిన ఇద్దరూ మోకాళ్ళ దాకా కూరుకుపోయారు. లేవబోతే బోర్లా పడ్డారు. ఆడవాళ్ళంతా మీదపడి అదే తాడుతో కట్టేశారు. టైటస్ ఒకడి మీద కూర్చుని, చెన్నకేశవరావు కబురు పెట్టిన పోలీసు జీపు వచ్చేదాకా లేవలేదు.

అంతా అయ్యాక రెజీనా గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సుబ్బమ్మ ఆవకాయ కలిపిన అన్నం తెచ్చి చేతిలో పెట్టింది.

తరవాత కోర్టులో గాళెప్పతో పాటు మొగుడూ పెళ్ళాం సాక్ష్యం చెప్పారు, ఆ దుండగులిద్దరికీ శిక్ష పడింది. ఆ మధ్యాహ్నం మాత్రం రెజీనా కళ్ళు తుడుచుకుని, ఇంకో ముద్ద అడిగి పెట్టించుకుంది.