గుసగుస ఎక్కాలు

డెబ్బై రెండులో మా నల్లగండ్ల బడిలో ఎక్కాలు అరిస్తే మూసాపేటలో బర్రెలు బెదిరేవి. నమ్మకుంటే ఆ బర్రెలనే అడుగుండ్రి.

ఆ అరుపులకు మా తరగతి బుచ్చమ్మ చెవులు మూసుకొని కేకలు పెట్టేది. సోమేశ్వరరావు సారు ఆమెను బెత్తంతో కొట్టి ఎండలో నిలబెట్టేవారు. ఒకరోజు వాళ్లమ్మను పిలిచి, "రేపట్నించి పిల్లని పంపకండమ్మా" అన్నారు.

"జర ఆగుండ్రి సారూ, మేమే మెల్లగ చదువుతం" అని మా తరగతి సీతాబాయి లేచింది.

మరునాడు అందరం గుసగుసగా ఎక్కాలు చెప్పినం. బడికి సెలవనుకొని పిచ్చుకలు మా పలకల మీద గూళ్లు కట్టినయి. బుచ్చమ్మ చెవుల మీంచి చేతులు తీసి మాతో గొంతు కలిపింది. అంత తియ్యటి రెండో ఎక్కం నేను మళ్లీ వినలేదు.

సారు బెత్తాన్ని చూరులో దోపి, ఆమె దగ్గరికి వంగి, "రేపూ రామ్మా" అన్నారు. ఆయన కూడా గుసగుసగానే.