రాసినోళ్ళ పేరు

ఫిర్దోస్ ఉగ్గానికి బొరుగులు నీళ్లలో తడిపి పిండుతుంటే జిలాన్ వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో పత్రం.

"ఫిర్దోసూ, పన్నెండో పేజీలో ఏందో రాసినావే, రెండు మాటల్లో చెప్పు. సెమినార్లో ఎవరన్నా అడిగితే ఇబ్బంది అయితాది."

ఆమె పిండుతూనే భర్తకు చెప్పింది. పేద దేశాల కేంద్ర బ్యాంకులు ఇన్నాళ్లూ చలామణిలో ఎంత డబ్బుండాలో ముందే నిర్ణయించి, ఆ గీత దాటకుండా కాపలా కాసేవి. జనం ఫోన్లలోనే డబ్బు పంపుకోవడం మొదలెట్టాక ఆ అంచనాలు కుదరడం మానేశాయి. అందుకని ఉగాండాలాంటి దేశాలు వడ్డీ రేటును పగ్గంలా పట్టుకుని, ధరలు ఇంతకు మించి పెరగనివ్వమని జనానికి ముందే మాటిస్తున్నాయి. ఆ మాట నిలవాలంటే సర్కారు అడిగినప్పుడల్లా నోట్లు అచ్చేసి ఇవ్వకూడదు.

జిలాన్ పెన్సిలుతో పక్కన రాసుకుని, "చొక్కా ఇస్త్రీ చేసినావా?" అన్నాడు.

ఇద్దరూ అనంతపురంలో ఒకే క్లాసులో ఎకనామిక్స్ చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ. అతనికి ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, ఆమెకు పిల్లలు పుట్టారు. తర్వాత ఓ ప్రైవేటు కాలేజీలో గెస్టు లెక్చరర్ అయింది. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఆరేళ్లు. అత్త రసూల్‌బీ మోకాలి ఆపరేషన్‌కు ఒక ఏడాది పోయింది, మరిది పెళ్లికి సగం ఏడాది. మిగిలిన సందుల్లో, కుక్కర్ విజిళ్ల మధ్య రాసుకున్న పత్రం ఇది. పోయిన నెల బట్టలు మడతపెడుతుంటే జిలాన్ అన్నాడు: "గెస్టు లెక్చరర్ రాస్తే ఎవరు చదువుతారు? నా పేరుతో అయితే ప్రమోషన్‌కు పనికొస్తాది. వచ్చేది ఇంట్లోకే గదా." మంచం మీంచి అత్త కూడా ఓ మాట కలిపింది: "మొగుని పేరు పెరిగితే పెండ్లానిది తరుగుతాదా యాడన్నా?" అప్పుడు కోపం రావాలని ఫిర్దోస్‌కు తెలుసు. రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదే, అట్లా ఉంది లోపలంతా. తువ్వాలు అంచులు కలిపి మడత పెట్టింది.

సెమినార్‌కు ఆమెనూ రమ్మన్నాడు. టీలు, బిస్కెట్లు చూసుకోవడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందట. హాలు వెనక బల్ల దగ్గర నిలబడి, తను రాసిన వాక్యాలు అతని గొంతులో వింది. రెండుచోట్ల తప్పు చదివాడు. చివర, బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ సుబ్బరత్నమ్మ లేచింది.

"మీ జిల్లాలాంటి చోట వానలు పడక తిండి ధరలు పెరిగితే, వడ్డీ పెంచి ఏం లాభం?"

జిలాన్ పేజీలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఉప్పు డబ్బా కనబడనప్పుడు చూసే చూపే చూశాడు హాలు చివరికి. తర్వాత నవ్వి, "మా ఇంట్లోది కూడా ఎకనామిక్సే మేడం, టైపింగంతా తనే చేసింది," అన్నాడు. నలుగురు నవ్వారు.

"అయితే ఆమెనే చెప్పనీండి," అందావిడ.

ఫిర్దోస్ ట్రే బల్ల మీద పెట్టింది. "మాది కంబదూరు మేడం. వాన లేని ఏడు చెనిక్కాయ ఉండదు, నూనె ధర ఎక్కుతాది. వడ్డీ పెంచితే చెనిక్కాయ పండదు. ఆ మొదటి పెరుగుదలను బ్యాంకు ఓర్చుకోవాల. కానీ ఇంక ధరలు దిగవని జనం నమ్మినారంటే కూలి, ఆటో చార్జీ, దర్జీ కూలి అన్నీ ఎక్కుతాయి. వడ్డీ ఆ రెండోదాన్ని ఆపేదానికి. ఎప్పుడు ఓర్చుకుంటామో, ఎప్పుడు ఓర్చుకోమో జనానికి ముందే చెప్పాల. చెప్పకుంటే ఎంత ఓర్చుకున్నా దానికి విలువ లేదు."

సుబ్బరత్నమ్మ ఏదో రాసుకుంది.

తిరిగొస్తుంటే బండి మీద జిలాన్ అన్నాడు: "తెలీదంటే సరిపోయేది. అందరి ముందర నన్ను అట్ల నిలబెట్టల్లనా?" ఇంట్లో అడుగుపెట్టగానే అత్త, "రొట్టెలకు పిండి కలుపు తల్లీ, ఆకలైతాంది," అంది. కలిపింది. నాలుగు రొట్టెలు తట్టి, చెయ్యి కడుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచింది. పత్రం తన మెయిలు నుంచే పంపింది కాబట్టి సెమినార్ వాళ్ల జవాబూ అక్కడికే వచ్చి ఉంది. పత్రాలు పుస్తకంగా వేస్తారట, పేరు సరిచూసి పంపమన్నారు. మొదటి పేజీలో భర్త పేరు తీసేసింది. కొట్టాల్సిన అక్షరాలు కొట్టింది. అతనికీ ఒక ప్రతి వెళ్లేట్టు పంపి, పొయ్యి దగ్గరికి వచ్చి అయిదో రొట్టె పెనం మీద వేసింది.

కాసేపటికి జిలాన్ ఫోను పట్టుకుని వచ్చాడు. "ఏందిది? ఎవరి పేరుతో పంపినావు?"

"రాసినోళ్ళ పేరుతో."

అతను ఇంకా ఏదేదో అన్నాడు. అత్త కూడా లేచి కూర్చుంది. ఫిర్దోస్‌కు సంతోషమూ లేదు, భయమూ లేదు. ఏదో ఒకటి అనిపించేదాకా ఆగి ఉంటే, ఈ జన్మకు పంపి ఉండేది కాదు.