గాలికి కిరాయి

టక్, టక్.

స్టీలు గ్లాసు మీద చెంచా మోత అది. వంటగదిలో పాలసీసాలు కడుగుతున్న కోడలు తల తిప్పకుండానే ఆ మోతను చదువుకుంది. ఒక దెబ్బయితే అత్తయ్యకు పిలుపు, రెండు దెబ్బలయితే తనకు, మూడు దెబ్బలయితే ఎవరికీ పిలుపు కాదు. మాట ముగిసింది, ఇక వాదన వద్దని తీర్పు. రెండు నెలలకు పైగా ఆ ఇంట్లో మామగారి నోరంటే ఆ చెంచాయే, చెంచా చాలని చోట ఒళ్లోని పలకే.

"వస్తున్నా మామయ్యా!" అంటూ పాపను భుజాన వేసుకుని వచ్చింది.

ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో, మెడకు పలుచని తెల్లగుడ్డ చుట్టుకుని, ఆయన పలకను ఎత్తి పట్టుకుని ఉన్నారు. దాని మీద రెండే మాటలు: "ఇవాళ ఎంత?"

ఎంత అంటే యంత్రం వెల కాదు. యంత్రం వెల మొదటినుంచీ ఒక్కచోటే నిలబడి ఉంది. నిలబడనిదల్లా దాన్ని సముద్రాలు దాటించి ఈ గుమ్మం ముందుకు తెచ్చే కిరాయి.

పూల మార్కెట్లో ముప్పయ్యేళ్లు వేలం పాడిన గొంతు ఆయనది. మైకు అక్కర్లేకుండానే చివరి వరస బుట్టల దాకా పోయేది. ఎనిమిదేళ్ల కిందట జబ్బు చేసింది. మనిషిని దక్కించుకోవడానికి డాక్టర్లు స్వరపేటికను తీసేశారు. అప్పటినుంచి ఊపిరి మెడకున్న రంధ్రంలోంచి వస్తుంది, పోతుంది, నోటి దాకా రాదు. నోటికి మళ్లీ మాట తెచ్చింది పిడికెడు యంత్రం ఒకటి. చూడటానికి చిన్న టార్చిలైటు. దవడ కింద ఆనించి మీట నొక్కితే తుమ్మెదలా ఒకటే రొద. ఆ రొదను నాలుకా పెదవులూ కలిసి మాటలుగా మలచుకోవాలి. ఆయన మలచుకున్నారు. వీధి పిల్లలు 'రేడియో తాత' అని పేరు పెడితే కోపం తెచ్చుకోలేదు సరికదా, సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని వాళ్లకు వాతావరణ వార్తలు కూడా చదివేవారు.

ఆసుపత్రి నుంచి పాపను ఇంటికి తెచ్చిన రోజున, మనవరాల్ని చూసే తొందరలో ఆ యంత్రం ఆయన చేతిలోంచి జారి రాతిమెట్టు మీద పడింది. అదెక్కడికి పోతుందిలే అన్నట్టు దాన్ని అక్కడే వదిలి పాప ముందు వంగారు. సాయంత్రం మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రేడియోలు బాగుచేసే అతను విప్పి చూసి చేతులెత్తేశాడు. ఊరంతా తలుపులు మూసుకున్న రోజులు. ఆసుపత్రిలో ఊపిరాడని వాళ్లకే మంచాలు చాలడం లేదు, మాటలాడని వాళ్ల గోడు ఎవరికి పట్టింది? ఆ యంత్రం తయారు చేసే కంపెనీ ఉన్నది పరదేశంలో. ఫోనులో చూసి కొనుక్కోవడం ఒక్కటే దారి.

అంతకు చాలా ముందే, పుట్టబోయే బిడ్డకు పేరు తాతగారే పెట్టాలని ఇంట్లో అందరూ ఒప్పుకుని కూర్చున్నారు. పేరు అనుకున్నారా అని అడిగితే ఆయన తల ఊపారు. అయితే రాయండి అంటే, పలక మీద రాసింది ఒక్కటే: "నోటితో చెప్తాను."

"పలకుంది, బలపముంది, భగవంతుడు చెయ్యిచ్చాడు. ఇంకేం కావాలి మహాప్రభో?" అని అత్తయ్య అడగని రోజు లేదు. జవాబు ఎప్పుడూ మూడు దెబ్బలే.

"చూశావా అమ్మాయ్? నోరు లేనప్పుడు కూడా చివరి మాట ఈయనదే!"

ఈలోగా పాప, ఎవరి నోటికొచ్చిన పేరైనా తనదే అన్నట్టు పెరుగుతోంది. నానమ్మకు చిట్టెలుక. ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తుంది కాబట్టి నాన్నకు మేనేజరు గారు. టీకా కార్డులో నర్సు రాసినది వట్టి 'బేబీ'.

యంత్రం కోసం మొదటిసారి వెతికినప్పుడు కిరాయి యంత్రం వెలలో పావు వంతుంది. కోడలు ఫోనులో కొనే మీట నొక్కబోతుంటే మామగారు వారించారు. "ఆగు. తగ్గుతుంది." వేలంలో పండిపోయిన మనిషి కదా అని ఆమె ఆగింది. వారం తిరిగేసరికి పావు కాస్తా సగమైంది. "పాడేవాడు ఒక్కడే ఉన్నప్పుడు పాట దిగాలి," అని రాశారు ఆయన, పలక నిండా, పంతులు పాఠం చెప్పినట్టు. "పొద్దెక్కితే ఎంతటి సరుకైనా దిగుతుంది. నాకు తెలుసు." ఇంకో రెండు వారాలకు సగం కాస్తా ముప్పావు.

ఈ రోజు కోడలు పేజీ తెరిచింది. దాచి లాభం లేదని చివరికి ఫోను ఆయన వైపు తిప్పింది. కిరాయి యంత్రాన్ని దాటిపోయింది. కింద సన్నటి అక్షరాల్లో, విమానాలు తగ్గినందున అదనపు రుసుము అని సంజాయిషీ.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు, మళ్లీ చదివారు.

"మామయ్యా," అంది ఆమె మెల్లిగా, "పొద్దెక్కితే పూలు వాడతాయి. అందుకని దిగొస్తారు. విమానాలు వాడవు కదా."

ముప్పయ్యేళ్ల విద్య ఒక్క మాటతో నేల మీద కూర్చుంది. ఆయన నవ్వబోయారు, నవ్వు పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. పలక తుడిచి, చాలాసేపు బలపం పట్టుకుని, రాశారు: "వద్దులే. నాకు పలక చాలు. ఆ డబ్బు పాపకి." రాసి, గ్లాసు మీద మూడు దెబ్బలు వేశారు.

ఆ మోతకు కోడలి భుజం మీది పాప గిరుక్కున తల తిప్పింది. తిప్పి చూసింది గ్లాసుకేసి. తాత ముఖం కేసి కాదు. కేరింతలు కొట్టింది కూడా గ్లాసును చూసే. కోడలు ఆ చూపు గమనించింది, ఆయన గమనించడమూ గమనించింది. ఆ పసిదానికి తాతంటే టక్ టక్. అంతకు మించి ఇంకేమీ కాదు. ఈ పంతానికి తలొగ్గకూడదని ఆమె ఆ క్షణాన్నే నిశ్చయించుకుంది. ఎలా అన్నది మాత్రం తోచలేదు.

తోచినది మధ్యాహ్నం, మెట్ల మీద. పార్సిళ్లు తెచ్చే అతను మూతికి మాస్కుతో, చేతుల్లో తలుపంత అట్టపెట్టెతో ఆయాసపడకుండానే పైకి వచ్చాడు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో దాన్ని దించాడు.

"అంత పెద్దదాన్ని ఒక్కడివే ఎలా మోశావన్నా?" అంది కోడలు.

"మోసిందేముంది చెల్లెమ్మా, లోపల పాప డైపర్లు రెండు కట్టలు, మిగతాదంతా గాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను మోసేది గాలే. మీరు కిరాయి కట్టేదీ దానికే."

"గాలికా?"

"మరి? బరువొక్కటే చూస్తారనుకున్నావా? పెట్టె ఎంత చోటు తింటుందో కొలుస్తారు. ఇప్పుడు విమానంలో చోటుకేగా కొట్టుకుంటున్నది! దూదయినా ఇనుమయినా వాళ్లకొకటే, పెట్టె పెద్దదయితే మన జేబు చిన్నదవుతుంది." అతను సంతకం అక్కర్లేదని చెయ్యి ఊపి, రెండేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కోడలు పెట్టెను లోపలికి కూడా లాగలేదు. గుమ్మంలోనే చతికిలబడి ఫోను తెరిచింది. యంత్రం బొమ్మను ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది గానీ, దాని చుట్టూ ఉన్నదాన్ని ఇప్పుడు చూసింది. మెత్తటి పాన్పు పరిచిన పెట్టె. అందులో నిలబెట్టుకునే పీట, తోలు సంచీ, ఛార్జరు, ఎలా వాడాలో పద్నాలుగు భాషల్లో చెప్పే లావుపాటి పుస్తకం. వీటన్నిటి నడుమ యంత్రం పట్టుపరుపు మీద పడుకున్న చిన్నరాజులా ఉంది. కొలతలు చదివింది. పాప ఊయలలో సగం!

అక్కడికక్కడే కంపెనీకి రాసింది. పీట వద్దు. సంచీ వద్దు. ఛార్జరు మా దగ్గర పాతదుంది. పుస్తకం అసలే వద్దు, మా మామగారికి యంత్రం వాడటం మీకంటే బాగా వచ్చు. యంత్రం ఒక్కటీ గుడ్డలో చుట్టి, చిన్న కవరులో పెట్టి పంపగలరా?

మర్నాటికి జవాబు వచ్చింది. ఎవరో గుమాస్తా అమ్మాయి, తనూ ఇంట్లోంచే పని చేస్తున్నానని, ఇలా ఇంతవరకు ఎవరూ అడగలేదని, పైవాళ్లను కనుక్కుని చెబుతున్నానని మర్యాదగా రాసింది. పంపవచ్చునట. కిరాయి ముందున్న దాంట్లో అయిదో వంతుకు దిగుతుందట. కాకపోతే కంపెనీ పెట్టె లేకుండా పంపిన వస్తువుకు గ్యారంటీ ఉండదట.

కోడలికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. వెంటనే ఆ గ్యారంటీ మాట గుర్తొచ్చి, ఫోను పట్టుకుని మామగారి దగ్గరికి నడిచింది. అంతా వినిపించింది. "ఏమంటారు మరి? పాడైతే మళ్లీ వాళ్లు చూడరట."

ఆయన పలక అందుకుని రాశారు: "గ్యారంటీ నాకే లేదు. దానికెందుకు?"

వెనకనుంచి తొంగి చూసిన అత్తయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "శుభం పలకరా అంటే ఇదీ ఈయన వరస! నువ్వు నొక్కమ్మా, ఈయన మనసు మారక ముందే నొక్కు!"

కోడలు నొక్కింది.

ఆ తరవాతి పద్దెనిమిది రోజులు ఎలా గడిచాయో ఎవరికి వారే చెప్పాలి. కవరు ఎక్కడుందో చూపించే పేజీ కొన్నాళ్లు ఒకే ఊరి దగ్గర మొండికేసి కూర్చుంది. అత్తయ్య రోజుకో కంపెనీని తిట్టింది. మామగారు పైకి పట్టనట్టుండి, కోడలు స్నానానికి వెళ్లినప్పుడల్లా ఆమె ఫోను తెరిచి చూశారు. పంతొమ్మిదో రోజు పదకొండు గంటలకు అదే పార్సిళ్ల అతను ఖాళీ చేతులతో పైకి వస్తుంటే కోడలి గుండె జారింది. అతను చొక్కా జేబులోంచి, ఉత్తరం తీసినంత తేలిగ్గా, ఒక కవరు తీశాడు.

"ఈసారి గాలి లేదు చెల్లెమ్మా!"

కవరు చించితే మెత్తటి కాగితం, కాగితం విప్పితే యంత్రం. గీత కూడా పడలేదు. పాత ఛార్జరు పట్టదేమోనని అందరూ దాని చుట్టూ మూగారు. అది తన సొంతింట్లో అడుగు పెట్టినట్టు ఇట్టే పట్టింది. నాలుగు గంటలు ఛార్జింగు. నాలుగు గంటలూ ఆయన దాని పక్కన, జ్వరం తగ్గుతున్న బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. పచ్చదీపం వెలగగానే దాన్ని తీసుకుని, షర్టు జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసుకుని, లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

"ఇదెక్కడి చోద్యం? ఇంతా చేసి గోడలకు వినిపిస్తారా?" అంది అత్తయ్య. అంటూనే తలుపుకు చెవి ఆనించింది. కోడలూ ఆనించింది.

లోపల రొద మొదలైంది. ఆ తుమ్మెద రొద! కాసేపు సాగి, ఆగి, మళ్లీ సాగి. నడుమ నడుమ పెన్సిలు గీత గీసిన చప్పుడు. ఏమంటున్నారో తెలియలేదు గానీ అంటున్నది ఆయనే. మూడు నెలలుగా ఆ ఇంటి మీద కూర్చున్న బరువు ఏదో లేచి కిటికీలోంచి వెళ్లిపోయింది. కోడలు తనకు తెలియకుండానే గోడకు జారబడి నవ్వుతోంది. కళ్లు మాత్రం తడి.

తలుపు తెరుచుకుంది. ఆయన యంత్రాన్ని దవడ కింద ఆనించి, మొదట భార్య కేసి చూశారు.

"ఏమోయ్. బతికే ఉన్నా."

"అయ్యో రామా," అని అత్తయ్య చెంగుతో కళ్లొత్తుకుంది. "మూడు నెలలు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో! మొదలైంది మళ్లీ!"

ఆయన కోడలికి కాగితం చూపించారు. వరసగా ముప్పై నలభై పేర్లు, ఎక్కువ పువ్వుల పేర్లే. అన్నిటి మీదా గీతలే. ఒక్కటి మాత్రం మడత కింద దాగి ఉంది. దాన్ని ఆయన బొటనవేలితో మూసి పట్టుకున్నారు.

"ఎందుకు మామయ్యా, ఇన్ని మంచి పేర్లు కొట్టేశారు?"

"మంచివే," అన్నారు ఆయన, ఒక్కో మాటా నిదానంగా తీర్చుకుంటూ. "నా నోట్లోనే నలుగుతాయి. కొన్ని అక్షరాలు ఊపిరి అడుగుతాయమ్మా. నా ఊపిరి నోటికి రాదు. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. రాసిచ్చి ఉంటే మీరు పెట్టేసేవాళ్లు. తరవాత బతికినన్నాళ్లూ నా మనవరాల్ని నేనే తప్పుగా పిలిచేవాణ్ని. అందుకని, పలికి చూసుకోవాలి. మీకు చెప్పలేదు. చెప్తే, తాత నోటికోసం మంచి పేరు వదులుకున్నాం అనుకుంటారు."

 కోడలు పాపను ఊయలలోంచి ఎత్తి, కుర్చీలో కూర్చున్న ఆయన ఒళ్లో పెట్టింది. లోపల ఒక భయం మాత్రం ఉంది: మూడు నెలల పిల్ల, ఇంత దగ్గరగా ఈ రొద వింటే జడుసుకుని ఏడుస్తుందేమో. ఆయనకూ ఆ భయమే ఉన్నట్టుంది. యంత్రాన్ని ఆనించి కూడా మీట నొక్కడానికి తటపటాయించారు. తరవాత చాలా మెల్లిగా నొక్కారు.

పాప నోట్లోని పిడికిలిని బయటికి తీసింది. ఏడవలేదు. కనుబొమలు ముడేసి, రొద ఎక్కడినుంచి వస్తోందో వెతికి, మెడ దాటి, గడ్డం దాటి, తాత పెదవుల దగ్గర చూపు ఆపింది. ఆపి, ఇక అక్కడినుంచి కదల్చలేదు.

ఆ పెదవులు విడివడి, కలిసి, మళ్లీ విడివడ్డాయి. ఎక్కడా నలగకుండా, ఏ అక్షరమూ తడబడకుండా, గదిలో అందరికీ వినిపించేలా ఆయన పిలిచారు:

"ఆమనీ."