పాత కంప్యూటర్‌లో నర్సింహ

మే నెల మొదటి వారంలో పరశురాం కంప్యూటర్ లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది.

మోత్కూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ఫోటో స్టూడియోలో అది తెలంగాణ వచ్చిన ఏడాది నుంచీ పనిచేస్తోంది. పదకొండేళ్లు. పొద్దున బటన్ నొక్కి, వాకిలి ఊడ్చి, చాయ్ తాగి వస్తే గానీ తెర వెలిగేది కాదు. ఒక ఫోటో తెరవాలంటే ఇంకో చాయ్. అయినా పరశురాం దాన్ని ఏనాడూ తిట్టలేదు. ఈ చప్పుడు విన్నాక మాత్రం పెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఇగ దాన్ని సావనియ్యవా?" అంది భార్య మల్లిక, పెళ్లి ఆల్బమ్ అట్టలు అతికిస్తూ. "సీజన్ల పరువు తీస్తాంది. మొన్న దశదినం ఫ్లెక్సీ పదకొండో దినానికి ఇచ్చినవ్. సచ్చినాయన ఫోటో వచ్చేదాక అన్నాలు ఆపుకొని కూసున్నరు సుట్టాలు."

"కొత్తదెందుకే? జర ర్యామ్ పెంచి, లోపల డిస్క్ మారిపిస్తే ఇంకో రెండేండ్లు నడుస్తది."

"నీ కండ్లద్దాలు మార్చితే నువ్వు పడుచోనివి అయితవా?"

అతను నవ్వలేదు. మల్లిక చేతిలో పని ఆపింది.

"అండాలక్క కొడుకు దాంట్లనే ఉన్నడా?"

"దాంట్లనే."

అండాలు పత్తి ఏరే కూలి మనిషి. మోత్కూరుకు ఐదు కిలోమీటర్ల దూరంలో ఊరు. భర్త లేడు. రెండువేల పదిహేడు మేలో, పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడోనాడు, ఆమె ఒక్కగానొక్క కొడుకు నర్సింహ ఇంట్లోంచి వెళ్లిపోయాడు. హైదరాబాదులో మేనమామ దగ్గరికి పోయుంటాడని ఇరవై రోజులు చూసింది. అక్కడికి రాలేదని తెలిశాకే పోలీసులకు చెప్పింది. ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫోటో, ఏడో తరగతి బస్ పాస్ మీద అతికించినది. పరశురాం దాన్ని స్కాన్ చేసి 'తప్పిపోయాడు' అని కరపత్రం వేశాడు. ఆ వానాకాలమే ఇల్లు కురిసి బస్ పాస్ ముద్దయిపోయింది.

అప్పటి నుంచి, వానకు చిరిగిపోయే ఆ కరపత్రాలు తప్ప, నర్సింహ ముఖం ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్‌లోనే.

ఏటా మేలో అండాలు వస్తుంది. కొడుకు ఫోటోకు ఒక ఏడు వయసు కలిపించుకుని పోతుంది. "పోయినేడు ఫోటో ఏం పనికొస్తది తమ్మీ? పిల్లగాడు పెరగడా?" అంటుంది. పరశురాం దవడ కొంచెం వెడల్పు చేస్తాడు, మెడ కొంచెం లావు చేస్తాడు. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతుంది. "మీసం గింతనే పెట్టు. మా తమ్మునికి ఇరవై దాటినంకనే ఒత్తుగొచ్చింది." జుట్టును మాత్రం ముట్టుకోనివ్వదు. నల్లగా, చుట్టలు చుట్టలుగా ఉండే జుట్టు. కరపత్రంలో గుర్తుల కింద మొదటిది అదే. రెండోది, చీలిన కుడి చెవి తమ్మె. ఆ కాగితాలను ఆమె గుట్ట మీది గుడి దగ్గర, భువనగిరిలో, సికింద్రాబాద్ స్టేషన్‌లో గోడలకు అతికించి వస్తుంది.

పరశురాం ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తబోయాడు. సగంలో ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్ టక్. బటన్ ఆపేసి వెనక్కి వాలాడు. అండాలు వారంలో వస్తుంది.

మర్నాడు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నల్లగొండ బస్సెక్కాడు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి లేపి పట్టుకున్నాడు. పక్క సీటు ముసలామె "లోపల కోడిపిల్లలా కొడుకా?" అని అడిగింది.

గడియారం సెంటర్ దగ్గర శ్రీకాంత్ అనే మెకానిక్ షాపు ఉంది. దుప్పటి విప్పగానే అతను దండం పెట్టాడు.

"అన్నా, దీన్ని మ్యూజియంల పెట్టాలె."

"డిస్క్ సంగతి సూడు ముందు."

శ్రీకాంత్ కరెంటిచ్చి చెవి ఆనించాడు. నవ్వు పోయింది. వెంటనే వైరు పీకేశాడు.

"సస్తాందన్నా. మొత్తం ఒక్కసారి సదువుతదేమో. రెండోసారికి నేను గ్యారంటీ ఇయ్య. ఆ ఒక్కసారి దేంట్లకు ఎక్కియ్యాల్నో నువ్వే చెప్పు. పాతదానికే కొత్త డిస్క్ ఏస్తే అగ్గువల అయిపోతది. గానీ గీ బోర్డు ఎన్నొద్దులుంటదో దేవునికే తెల్వాలె. కొత్త కంప్యూటర్ తీసుకుంటే పైసలు గుంజుతది, గానీ ఫికర్ ఉండది."

పరశురాం ఇంటి దగ్గర బయల్దేరినప్పుడే పాతదానికే అనుకుని వచ్చాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బోర్డు పోతే? నర్సింహను మళ్లీ ఇంకోసారి ఇలా చావు అంచు నుంచి లాగాలి.

"కొత్తది" అన్నాడు.

నాలుగు గంటలు పట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత నిదానంగా పాకింది. ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది. టక్. టక్. టక్. శ్రీకాంత్ టేబుల్ ఫ్యాను డిస్క్ వైపు తిప్పి, నోటి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచాయి. గీత కదిలింది. తొంభై. తొంభై ఆరు. నూరు.

పరశురాం మొదట తెరిచింది బస్ పాస్ ఫోటో. రెప్పపాటులో వచ్చింది. చుట్టల జుట్టు పిల్లవాడు బెదురుగా చూస్తున్నాడు. పరశురాం కళ్లు తుడుచుకుంటుంటే పాత డిస్క్ ఒకసారి గీరుకుపోయినట్టు అరిచి ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

"జర్రంతల తప్పిందన్నా" అన్నాడు శ్రీకాంత్.

రెండు రోజులు స్టూడియోలో పండగే. కొత్త కంప్యూటర్‌లో ఫోటోలు చూసే ప్రోగ్రాం ఒకటి ఉంది. పదకొండేళ్ల ఫోటోల్లో ముఖాలన్నీ వెతికి ఎవరివి వాళ్లకు జత చేస్తానంది. పరశురాం సరేనన్నాడు. అనుమానం వచ్చినచోట అది రెండు ముఖాలను గుండ్రంగా కత్తిరించి పక్కపక్కన పెట్టి అడిగేది: ఈ ఇద్దరూ ఒకరేనా? కింద మూడు బటన్లు. అవును, కాదు, తెలియదు.

"ఇగో, గోపయ్యను పట్టింది సూడు!" మల్లిక పడీపడీ నవ్వింది. ఎడమ పక్కన ఎలక్షన్ ఫ్లెక్సీలో దండం పెడుతున్న గోపయ్య. కుడి పక్కన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో దండ వేసుకున్న గోపయ్య. "అవును అని నొక్కు. పాపం, ఆ ఎలక్షన్ల ఓడిపోయే పాయె ఆయన పానం."

పరశురాం నొక్కాడు. ఇంకో జత వచ్చింది. నొక్కాడు. ఇంకోటి వచ్చింది.

ఎడమ పక్కన బస్ పాస్ నర్సింహ.

కుడి పక్కన నున్నటి గుండుతో ఒక పిల్లవాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. చెంప కింద కంకర రాళ్లు.

ఈ ఇద్దరూ ఒకరేనా?

"ఎవరిదిది?" అంది మల్లిక, నవ్వు ఆపి.

ఆ కంకర పరశురాంకు గుర్తుంది.

ఎనిమిదేళ్ల కింద, పెళ్లిళ్ల రోజులు. తెల్లవారుతుండగా పక్క స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. వాళ్లకు ఎప్పుడూ ఫోటోలు తీసే అతను పెళ్లికి పోయాడు, జర నువ్వు రా అన్నాడు. గుట్ట నుంచి మోత్కూరు వచ్చే రోడ్డు మీద ఒక పిల్లవాడిని రాత్రి ఏదో బండి గుద్దిపోయింది. జేబులో కాగితం లేదు, ఫోన్ లేదు. కొత్తగా చేయించిన గుండు, దాని మీద ఆరిపోయిన గంధం. ఎక్కడి నుంచో గుట్టకు మొక్కు తీర్చుకోను వచ్చిన పిల్లగాడని అందరూ అనుకున్నారు. గుట్టలో సత్రాల వెంట విచారించారు. పరశురాం ఎనిమిది ఫోటోలు తీశాడు. పది నిమిషాల పని. అక్కడి నుంచి నేరుగా తలంబ్రాల ఫోటోలకు పోయాడు. మూడు రోజులు దవాఖానలో ఉంచి, ఎవరూ రాకపోతే శవాన్ని పూడ్చారని తర్వాత ఎవరో చెప్పగా విన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలకు అండాలు వచ్చింది. పన్నెండేళ్ల, చుట్టల జుట్టు పిల్లవాడి ఫోటో పట్టుకుని.

పాత కంప్యూటర్ ఫైళ్ల పేర్ల పక్కన ఫోటోల చిన్నబొమ్మలు చూపిస్తే స్తంభించిపోయేదని పరశురాం ఆ సౌకర్యం ఎప్పుడో ఆపేశాడు. ఎనిమిదేళ్లు రెండు ముఖాలూ ఒకే పెట్టెలో ఉన్నాయి, వట్టి అంకెల పేర్లతో.

అతను ఆరో ఫోటో తెరిచాడు. కుడి వైపు నుంచి తీసినది. చెవి దగ్గరికి పెంచాడు. ఇంకా పెంచాడు. కొత్త కంప్యూటర్ ఎక్కడా ఆగలేదు.

తమ్మె చీలి ఉంది.

మల్లిక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "చెప్పకు" అంది. "ఏడాదికొక్కపారి వచ్చి కొడుకును సూసుకుంటది. గాయింత ఆశ మీదనే ఉన్నది ఆమె. అది గుంజుకోకు."

"మళ్ల ఈయేడు మీసం దిద్దాల్నా నేను? సచ్చిన పిల్లగానికి?"

"నాకేమెరుక? నన్నడగకు."

పాతదానికే ముక్కలు అతికించుకుని ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు. ఆ మాట అనుకున్నందుకు పరశురాంకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడోనాడు మధ్యాహ్నం అండాలు వచ్చింది. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో మామిడికాయల సంచితో.

"ఓ, కొత్తది కొన్నవా తమ్మీ! పాతది ముసల్దయింది తియ్యి. మంచిగ చేసినవ్." స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈయేటికి ఇరవై మూడు నిండుతయి. జర లావు చెయ్యి. బయట తిండి తింటడు గద."

మల్లిక లోపలి గదిలోకి వెళ్లిపోయింది. పరశురాం మౌస్ మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"అక్కా, నర్సింహ ఎందుకు పోయిండో నువ్వెన్నడు చెప్పలే."

అండాలు సంచిలో మామిడికాయలు సర్దింది. ఒకటి తీసి బయట పెట్టింది, మళ్లీ లోపల వేసింది.

"నాదే తప్పు. పది పాసయితే గుట్టకు ఎంటికలు ఇస్తనని మొక్కుకున్న. పాసయిండు. గుండంటే ససేమిరా అన్నడు. కాలేజీల నవ్వుతరట. దేవునితోని ఆటలాడుతవా అని కొట్టిన. గూటిల పైసలు తీసుకొని పోయిండు." ఆమె తల ఎత్తింది. "గా ఎంటికల కోసం కొట్టిన తమ్మీ. గందుకే రాడు. ఎందుకడిగినవ్?"

పరశురాం గుండు ఫోటో తెరిచి, తెరను ఆమె వైపు తిప్పాడు.

అండాలు ముందుకు వంగి చూసింది. ఆమె ఏడవలేదు. వేలితో ఆ గుండు మీద, గాజు మీద, నెమ్మదిగా రాసింది.

"కొట్టిచ్చుకున్నడు" అంది. "గుట్టకు పోయి కొట్టిచ్చుకున్నడు నా కొడుకు."

పరశురాం అంతా చెప్పాడు. రోడ్డు, బండి, దవాఖాన, పూడ్చడం. ఆమె ఆపలేదు.

"ఏ దిక్కు పోతాండె?" అంది చివరికి. "మనదిక్కేనా?"

"మనదిక్కే అక్కా. గుండు అయినంక, గుట్ట కాడికెళ్లి ఇటే వస్తాండె. బస్సు దొరకనట్టుంది, నడుస్తాండె."

"ఇంటికే వస్తాండె."

"ఇంటికే."

"గీ ఫోటో ఎవలు తీసిన్రు?"

అతను ఈ ప్రశ్న కోసమే రెండు రాత్రులు నిద్రపోలేదు.

"నేనే."

అండాలు అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"గా జాగ సూపియ్."

"ముందుగాల స్టేషన్‌కు పోదాం అక్కా. రాపియ్యాలె. యాడ పూడ్చిన్రో అడగాలె."

"అడుగుదాం. ముందుగాల జాగ సూపియ్."

బైక్ మీద ఎక్కించుకున్నాడు. గుట్ట రోడ్డు పట్టాడు. ఒక మలుపు దాటాక బండి ఆపి దిగాడు. అక్కడ ఒక తుమ్మ చెట్టు ఉండాలి. పక్కన చిన్న కల్వర్టు ఉండాలి. ఫోటోల్లో రెండూ ఉన్నాయి. ఇక్కడ లేవు. రోడ్డు రెండింతలు వెడల్పయింది, నడుమ డివైడర్, దాంట్లో ఎర్ర పూల మొక్కలు. అతను కొంచెం ముందుకు నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ ముందుకు పోయాడు.

"రోడ్డు వెడల్పు చేసిన్రక్కా. జాగ దొరుకుతలేదు. ఇటో అటో, ఈ నూరు గజాలల్లనే."

అండాలు రోడ్డు అంచున నిలబడి గుట్ట వైపు ఒకసారి చూసింది, మోత్కూరు వైపు ఒకసారి చూసింది. గుట్టకు పోయే కార్లు ఆమె కొంగును విసురుతూ పోతున్నాయి.

"మా ఊరు ఈడికెళ్లి ఎంత దూరం?"

"పన్నెండు కిలోమీటర్లుంటది."

"నువ్వు పో తమ్మీ."

"ఎండల యాడికి పోతవ్ అక్కా? బండెక్కు."

"ఎక్క. నడుస్త." ఆమె చెప్పులు అప్పటికే రోడ్డు అంచు మట్టిలో కదిలాయి. "నా కొడుక్కి ఇంకెంత నడక మిగిలిందో సూస్త."

పరశురాం బండి తిప్పాడు. ఫస్ట్ గేరులో, పది గజాల వెనుక, ఆమె అడుగును బట్టి నడుపుతూ పోయాడు. హారన్లు కొడుతూ బండ్లు దాటిపోతున్నాయి. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆగమని అతను అడగలేదు.