సిమెంటులో సైకిలు గాడి

క్యాను మూతి చుట్టూ వరిగడ్డి చుట్టి, మూత పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు వేశాడు బాలనర్సింహ. ఆ దెబ్బలు మూతకు కావు, సీమోనుకు. ముప్ఫై ఏళ్లుగా ఆ మూతకు పడే దెబ్బలన్నీ ఎవరో ఒకరికి పడాల్సినవే. ఈ నెలంతా సీమోను వంతు.

"ఇయ్యాల కోర్టుల పేషి గద. తప్పయిందని జుర్మానా కట్టి రారాదు?" అంది ఆండాలు, బర్రె పొదుగు కడుగుతూ.

"తప్పు చేసినోడు కడ్తడు. నేనేం చేసిన?"

"ఆయనకు కాళ్లు లేవయ్యా."

"నోరున్నది గద! దబీర్‌పురా మొత్తానికి సరిపోయేంత."

బాలనర్సింహకు యాభై ఎనిమిదేళ్లు. హ్యాండిలు మీద వంగి వంగి, సైకిలు దిగినా వంగే ఉండే భుజాలు. మూతలు పీకి పీకి నిలువునా చీలిన కుడి బొటనగోరు. దబీర్‌పురా స్టేషను వెనక కొట్టంలో అయిదు బర్రెలు. పాలు పోయడం తప్ప మరో పని పాలుపోని మనిషి. ధర్మాసుపత్రి వంటగదికి రెండు పూటలా పాలు ఆయనవే. ఎండ, వాన, కర్ఫ్యూ, దేనికీ ఆగలేదు. కర్ఫ్యూలో పోలీసులు సైకిలును ఆపారు గాని, క్యాన్లు భుజాన వేసుకుని నడిచిన మనిషిని ఆపలేకపోయారు.

ఆసుపత్రికి అయిదు మెట్లు. రెండేళ్ల కిందట, వికలాంగుల సంవత్సరమని ఎక్కడో ఎవరో ప్రకటిస్తే, ఇక్కడ ఆ మెట్లలో సగం మీద ఏటవాలుగా సిమెంటు పోశారు. ఎవరి కోసమో బాలనర్సింహకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. అడగడానికేముంది? ముప్ఫై ఏళ్లు మోసిన మనిషికి సర్కారు ఇన్నాళ్లకు ఇనాం ఇచ్చింది, అంతే. తాపీ మేస్త్రీలకు తన పాలతోనే చాయ్ పెట్టించాడు. పని అయిన సాయంత్రం, కొత్త ఇంట్లో పాలు పొంగించినట్టు, దాని మీద చెంబెడు పాలు పోసి దండం పెట్టి, సైకిలును పైకి తోశాడు. సిమెంటు ఆరలేదు. టైరు పొడవునా బొటనవేలి లోతు గాడి పడింది. మేస్త్రీ బూతులు తిట్టాడు. బాలనర్సింహకు అవి మంగళవాద్యాల్లా వినిపించాయి.

ఒక ఏడాది హాయిగా గడిచింది. ఆ తర్వాత సీమోను దిగాడు. రైల్వేలో షంటింగ్ చేస్తూ రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర పోగొట్టుకున్నవాడు. ఇంకా మానని పుండుకు కట్టు కట్టించుకోవడానికి రోజూ తన చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ వస్తాడు. అప్పటికి ర్యాంపు పైన సైకిలు స్టాండు వేసి ఉంటుంది. వంటగది మాణిక్యమ్మ గంజు పట్టుకుని నిలబడితే, బాలనర్సింహ లీటరు కొలతతో ఒక్కొక్కటే పోస్తుంటాడు. అరగంట పని. పాలవాళ్లందరూ క్యాను దించి లోపలికి మోస్తారు. ఈయన మాత్రం దించడు. ఎందుకు దించడో ఆయన జేబులో ఒక కాగితానికి తెలుసు, ఆయనకు తెలుసు.

ఆ పొద్దున కూడా అంతే.

"ఏయ్ పాలాయనా, బండి తియ్!" కింది నుంచి అరిచాడు సీమోను.

"కోర్టుల తేలనియ్. గప్పటిదాంక గిది నాదే."

"నీ అయ్య కట్టిచ్చిండా?"

"మరి మీ పాదిరి కట్టిచ్చిండా?"

"మల్ల జవాన్‌ను పిలుస్త. ఇంకో చలానా రాపిస్త!"

"రాపియ్! కదలని బండికి చలానా రాసెటోడు వాడొక జవాను, రాపిచ్చెటోడివి నువ్వొక మొగోనివి!"

"నీ లొల్లి సల్లగుండ, ముందు పాలు పొయ్యన్నా," అంది మాణిక్యమ్మ. "లోపల రోగులు ఎదురుచూస్తుండ్రు."

సీమోను తుండు తల మీద వేసుకుని ఎండలో అరగంట కూర్చున్నాడు. బాలనర్సింహ కావాలనే చివరి లీటరు నెమ్మదిగా పోశాడు.

చిన్న కేసుల కోర్టులో పంకా ఒక్కటే న్యాయంగా తిరుగుతోంది, అందరికీ సమానంగా గాలి లేకుండా. వాయిదా వేస్తే ఎవరికి ఫాయిదా అని లెక్క చూసుకుంటున్నవాళ్లు బెంచీల నిండా ఉన్నారు. మెజిస్ట్రేటు బల్ల కింద కూర్చున్న పేష్కారు పేరు పిలిచి, "ఒప్పుకుంటవా? జుర్మానా కట్టి పో," అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"ఒప్పుకోను."

అప్పుడు తల ఎత్తాడు. మెజిస్ట్రేటు కూడా ఎత్తాడు.

"ఆ ర్యాంపు ఎవరి కోసం కట్టారో తెలుసా?"

"నా కోసమే సాబ్."

బెంచీలు నవ్వాయి. బాలనర్సింహ నవ్వులు ఆగేదాకా ఆగి, తన ఒక్కగానొక్క సాక్ష్యం బయటపెట్టాడు.

"దాని మీద నా సైకిల్ గాడి ఉన్నది సాబ్. మొట్టమొదలు ఎక్కింది నేను. పాలు పోసి మరీ ఎక్కిన. మనిషిని పంపి సూడుండ్రి."

సీమోను కుర్చీని ముందుకు తోసుకొచ్చాడు. "గాడి ఆయనదే సాబ్. నేను గూడ సాక్ష్యం చెప్త. గా గాడిలనే నా కుర్చీ ముందటి చక్రం ఇరుకుతది. పోయిన వానకాలం బోర్ల పడ్డ. గివి గప్పుడే పోయినయ్," అని పై పెదవి ఎత్తాడు. రెండు పళ్ల చోట నల్లటి ఖాళీ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాలనర్సింహ ఆ ఖాళీని చూసి, చూపు పంకా మీదికి మార్చుకున్నాడు.

"కాళ్లున్నాయి కదా," అన్నాడు మెజిస్ట్రేటు. "మెట్లెక్కడానికి నీకేమైంది?"

బాలనర్సింహ చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లింది. ఆరు నెలలుగా నాలుగు మడతలతో అక్కడే ఉంది కాగితం. అదే ఆసుపత్రి డాక్టరు రాసింది: గుండె బాగోలేదు, బరువు ఎత్తకూడదు. దాన్ని ఇక్కడ తీస్తే రేపటికి ఆసుపత్రి ఆఫీసుకు తెలుస్తుంది. బరువెత్తలేని వాడికి వంటగది పాలు ఎవరిస్తారు? ఎల్లుండి నుంచి ఇంకొకడి సైకిలు వస్తుంది. ఆండాలుకే చూపించని కాగితాన్ని సీమోను ముందు తీస్తాడా?

చెయ్యి కిందికి దిగింది.

"నాకేమైంది సాబ్? దుక్క లెక్క ఉన్న."

"అయితే రేపటి నుంచి మెట్లెక్కు. జుర్మానా కట్టు. మళ్లీ బండి అక్కడ కనిపిస్తే జప్తు చేయిస్తాను."

బయట వరండాలో సీమోను కుర్చీ అడ్డం పెట్టాడు. "కాళ్లున్నోనివి. ఎక్కు. సూస్త నేను గూడ."

"ఎక్కుత," అన్నాడు బాలనర్సింహ. "నువ్వు సూస్తుంటెనే ఎక్కుత. రేపటిదాంక ఎందుకు, ఇయ్యాలనే!"

సాయంత్రం సైకిలును ర్యాంపుకు దూరంగా, రోడ్డు పక్క ప్రహరీ గోడకు ఆనించాడు. ఎడమ వైపు క్యాను కొక్కెం లోంచి ఎత్తి భుజానికి వేసుకున్నాడు. ఒకటో మెట్టు. రెండు. మూడో మెట్టు మీద ఎవరో పిలిచినట్టు ఆగాడు. నాలుగు. అయిదు. వంటగది గడప దగ్గర క్యాను దించితే ఒక్క చుక్క ఒలకలేదు.

"ఇదేందన్నా, మోసుకొచ్చినవ్? రెండోది?" అంది మాణిక్యమ్మ.

"తెస్త. ఆగు."

దిగుతూ పై మెట్టు మీద కూర్చున్నాడు, ర్యాంపు కటకటాలకు తల ఆనించి. దారిలో కాదు, ఒక పక్కకు ఒద్దికగా.

ఇంజక్షన్ కోసం వచ్చిన సీమోను ఖాళీ ర్యాంపును చూశాడు. పైన కూర్చున్న మనిషిని చూశాడు.

"గట్ల ఉండాలె! అక్కల్ వచ్చిందా?"

జవాబు రాలేదు. బెట్టు చేస్తున్నాడనుకుని సీమోను చక్రాలు తోసుకుంటూ ఎక్కాడు. పై కొసకు చేరబోతుండగా ముందు చక్రం గాడిలో ఇరుక్కుంది. అలవాటుగా నోటి నిండా తిట్టు తయారైంది.

"నీ గాడి పాడుగాను, పాలాయనా! నీకే చెప్తున్న, ఇటు సూడు!"

బాలనర్సింహ చూడలేదు. తిట్టుకు తిట్టు బాకీ పెట్టే మనిషి కాడు. సీమోను కటకటాల మధ్యగా చెయ్యి చాపి ఆయన భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. ఆ తర్వాత చెయ్యి తీయకుండా, గొంతు తగ్గించి, "మాణిక్యమ్మా, జర బయటికి రా," అన్నాడు.

ఆసుపత్రి మెట్టు మీదే కాబట్టి డాక్టరు తొందరగానే వచ్చాడు. నాడి చూసి, ఆ చెయ్యిని మెల్లగా ఒళ్లో పెట్టి, బాలనర్సింహ జేబులోంచి కాగితం తీసి, తన రాతను తనే చదువుకున్నాడు.

గోడకు ఆనించిన సైకిలు జోలికి ఎవరూ పోలేదు. కుడివైపు నిండు క్యాను బరువుకు అది ఒక పక్కకు ఒరిగి ఉంది. మూతి చుట్టూ గడ్డి తడిసి చుక్క చుక్కగా పాలు కారుతున్నాయి, ముందు చక్రం ర్యాంపు వైపే తిరిగి ఉంది.