సారమ్మ సాక్ష్యం

సారమ్మకు చర్చిలో సాక్ష్యాలు చెప్పి చెప్పి అబ్బిన అలవాటొకటుంది. నలుగురిలో లేచి మాట్లాడమంటే చాలు, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. గుంటూరు జిల్లాలో పుట్టి, నర్సుగా పనిచేసి, పుప్పాలగూడలో ఓ ట్రస్టు వాళ్ళ వృద్ధాశ్రమానికి మేనేజరైనా ఆ అలవాటు పోలేదు. పోయుంటే ఎంత బాగుండేది!

తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఓ అద్దాల మేడలో ఆశ్రమాల మేనేజర్లకు లెక్కల శిక్షణ పెట్టారు. మంచానికి ఖర్చెంత, రాబడెంత, ఇదీ పాఠం. చెప్పేది యజ్ఞనారాయణ, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వెనక వరసలో సారమ్మ వాళ్ళ ట్రస్టు సెక్రటరీ డేవిడ్ కూర్చున్నాడు.

"మీ ఆశ్రమాల్లో లోటుపాట్లు దాచకుండా చెప్పండమ్మా. ఇక్కడ అందరం మనవాళ్ళమే," అన్నాడు యజ్ఞనారాయణ.

మిగతా మేనేజర్లు తలలు దించుకుని గోళ్ళు చూసుకున్నారు. సారమ్మ లేచింది.

"వందనాలండి. మా దగ్గర సీతాబాయి గారని ఒకావిడ, మంచం దిగలేరు. మరిది కొడుకు తెచ్చి చేర్పించి, డబ్బు కట్టడం మానేశాడండి. తెలిస్తే పంపించేస్తారని, ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని ట్రస్టుకు అబద్ధం చెప్తున్నానండి. ఆవిడకు నేను తప్ప ఎవరూ లేరు. దేవుడు నన్ను క్షమించాలి."

చర్చిలో అయితే ఆమెన్ అనేవారు. ఇక్కడ చప్పట్లు కొట్టారు. రెండూ ఒకటేననుకుంది పిచ్చిది.

యజ్ఞనారాయణ బోర్డు మీద 'నష్టాల మంచం' అని రాసి, ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. అలాంటి మంచం లేని ఆశ్రమం ఆ గదిలో ఒక్కటీ లేదు. కానీ దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. దొరలందరూ ఒక్క గొంతుతో "ఖాళీ చేయించాలి" అని అరిచారు.

"మీరేమంటారమ్మా?"

పాఠమే కదా, ఆయన అడిగిన జవాబే కదా అనుకుంది సారమ్మ. "లెక్క ప్రకారమైతే ఖాళీ చేయించాలండి."

"శభాష్!" అన్నాడాయన. డేవిడ్ లేచి ఫోన్ చేసుకోవడానికి బయటికెళ్ళాడు.

మధ్యాహ్నం బిరియానీ పెట్టారు. డేవిడ్ పక్కనే కూర్చుని, వడ్డించేవాణ్ణి పిలిచి ఆమె ప్లేటులో ఇంకో ముక్క వేయించాడు. "బాగా మాట్లాడారు," అన్నాడు. గుండెల మీది బరువు దిగిపోయి, సారమ్మ ఆ పూట కడుపునిండా తింది.

సాయంత్రం ఆశ్రమానికొచ్చేసరికి సీతాబాయి మంచం మీద ఎవరో కొత్తావిడ పడుకుని ఉంది. ఆయా లక్ష్మీదేవి దుప్పటి సర్దుతోంది.

"సీతాబాయి గారేరే?"

"సర్కారు దవాఖాన గేటు కాడ దించొచ్చిన్రు. పగటీలే వ్యాను వచ్చింది. నువ్వే ఖాళీ చేపియ్యమన్నవని డేవిడ్ సారు ఫోన్ల చెప్పిండు గదమ్మా."

"ఆవిడకూ అదే చెప్పారా?" అని అడిగింది సారమ్మ.

"చెప్పినం. జర గూడ నమ్మలే. 'సారమ్మ గట్లనదు, ఆమె వచ్చి చెప్తేనే పోత' అని మంచం పట్టె గట్టిగ పట్టుకున్నది. వేళ్ళు ఒక్కొక్కటి ఇడిపిచ్చి ఎత్తుకపోయిన్రు." లక్ష్మీదేవి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు అనలే గదమ్మా?"

"అన్నాను," అంది సారమ్మ.